సరంగు దిగిపోయిన దీవి

మా తమ్ముడికీ నాకూ నలభై ఏళ్లుగా ఒక తగాదా ఉంది. ఆస్తి తగాదా కాదు, మాకు అంత ఆస్తి ఏడ్చిందెక్కడ. చిన్నప్పుడు ఒక వారపత్రికలో వచ్చిన బొమ్మల సీరియల్ గురించి. దాన్ని తర్వాత రెండుసార్లు సినిమాగా తీశారు. ఆ సినిమాలు కథను పాడుచేశాయని నేనంటాను. "సినిమా గుడ మంచిగనే తీసిండ్రు గదక్కా" అంటాడు వాడు. అంతకుమించి ఒక్క మాట మాట్లాడడు. ఆ మిగతా గంటా నేనే మాట్లాడతాను. నా సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఈ మధ్య ఆ తగాదా ఇల్లు దాటి బయటికి వచ్చింది. చిక్కడపల్లి లైబ్రరీ పక్కన ఒక చిన్న హాల్లో నెలకో ఆదివారం పాతిక మందిమి కలుస్తాం. ఎవరో ఒకరు ఒక పుస్తకం గురించి మాట్లాడతారు. ఈసారి వంతు నాది. ఆ బొమ్మల సీరియల్ గురించి, దాని రెండు సినిమాల గురించి నేను రాసిన పెద్ద వ్యాసం చదవాలి, తర్వాత దాన్ని మావాళ్లు చిన్న పుస్తకంగా అచ్చు వేస్తారు. ముప్పై ఏళ్లు స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన నాకు నా పేరుతో ఒక పుస్తకం రావడం అదే మొదటిసారి. ఆ వ్యాసమంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆ కథలో ముసలి సరంగు చచ్చిపోలేదు, ఒక దీవిలో దిగిపోయాడు.

కథ విదేశీ కథే. ఎవరో తెలుగులోకి తెచ్చారు, వాళ్ల పేరు ఎక్కడా వేయలేదు. పటాలు గీసే పద్నాలుగేళ్ల అమ్మాయి, తండ్రి సగం గీసి వదిలేసిన సముద్రపు పటాన్ని పూర్తి చేయాలని ఓడ ఎక్కుతుంది. ఆ ఓడను నడిపే ముసలివాడు సరంగు. చుక్కలు చూసి దారి పట్టడం ఆ పిల్లకు నేర్పేది ఆయనే, తుఫానులో తిట్టేది ఆయనే, ఎండుచేప కాల్చి పెట్టేదీ ఆయనే. తెలుగు చేసినాయన గోదావరి వైపు మనిషై ఉండాలి. "గాలి తిరిగిందమ్మడూ, చాప దించేయ్" అని సరంగు చేత అచ్చం అక్కడి పడవవాళ్ల మాటలు మాట్లాడించాడు. నారాయణగూడలో పుట్టి పెరిగిన మాకు ఓడ కంటే ఆ భాషే వింతగా ఉండేది.

అప్పుడు మేం నారాయణగూడలో మూడు వాటాల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. వారపత్రిక ఒకటే, మూడు వాటాలవాళ్లూ కలిసి వేయించుకునేవాళ్లు. శుక్రవారం పొద్దున ముందు ఓనర్ల ఇంట్లోకి వెళ్లేది, ఆదివారానికి మధ్య వాటాకు, సోమవారమో మంగళవారమో మాకు. ఆఖరున చదివేవాళ్లం కాబట్టి చింపుకునే హక్కు మాది. ఆ రోజుల్లో సీరియళ్లు చదివే ఇళ్లన్నింట్లో ఇదే పని. వారం వారం పిన్నులు ఊడదీసి ఆ ఆకులు తీసి దాచిపెట్టి, సీరియల్ అయిపోయాక వరసగా పేర్చి బైండింగుకు ఇచ్చేవాళ్లు. మా ఇంట్లో అది అమ్మ పని, ఇంకెవర్నీ చేయి వేయనిచ్చేది కాదు. బొమ్మల సీరియల్ వారానికి ఒక్క ఆకే, ముందూ వెనకా రెండు పేజీలు. అమ్మ దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి బియ్యం డబ్బా వెనక దాచేది.

ఆ ఆకు డబ్బా వెనక్కి పోకముందు నాకొక డ్యూటీ ఉండేది. తాతకు చదివి వినిపించాలి. తాత కాచిగూడ స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషి, పక్షవాతం వచ్చి ముందుగదిలో మంచం పట్టాడు. మాట స్పష్టంగా వచ్చేది కాదు. అప్పుడు నాకు పదేళ్లు, తమ్ముడికి ఏడు. నేను మంచం అంచున కూర్చుని, బొమ్మలు ఆయన కళ్ల ముందు పెట్టి, సరంగు మాటలు సరంగులాగా, పిల్ల మాటలు పిల్లలాగా చదివేదాన్ని. ఒక బొమ్మ చూడడం అయ్యాక తాత వేలెత్తేవాడు, అంటే తర్వాతి బొమ్మకు పొమ్మని. నచ్చితే ఎంతకీ ఎత్తడు, నేను అక్కడే ఆగాలి. సరంగు గోదావరి మాటలకు ఆయన భుజాలు కదిలేలా నవ్వేవాడు. సరంగు గొంతు ఎలా ఉంటుందని ఇవాళ ఎవరైనా అడిగినా, నాకు నా చిన్నప్పటి గొంతే వినిపిస్తుంది.

ఓడ పెద్ద తుఫానులో చిక్కుకుంది. సరంగు తనను తాను తాళ్లతో చుక్కానికి కట్టుకున్నాడు. ఆ తర్వాతి వారం పత్రిక రాలేదు. ప్రెస్సులో సమ్మె అంది అమ్మ. మూడు వారాలు రాలేదు. నేను కాలు గాలిన పిల్లిలా తిరిగాను, తాతకు పాత ఆకులే మళ్లీ చదివి వినిపించాను. నాలుగో వారం వచ్చింది. పేజీ పైన "జరిగిన కథ" అని ఉండే డబ్బా మీద తెల్లకాగితం ముక్క అంటించి ఉంది, చినిగితే అంటించానంది అమ్మ. కింద బొమ్మలో ఒక దీవి, ఒడ్డున ఆ పిల్ల ఒక్కతే, చేతిలో సరంగు టోపీ. "సరంగు ఏడికి పోయిండమ్మా" అని అడిగాను. "ఆ దీవిల దిగిపోయిండు బిడ్డా. ముసలోడు గదా, ఇగ తిరుగుడు చాలనుకున్నడు" అంది. తాతకు అదే చెప్పాను. ఆయన చాలాసేపు వేలెత్తలేదు. ఆ నెలలోనే పోయాడు.

ఆ తర్వాత కథలో సరంగు మాట ఎవరూ ఎత్తరు. సీరియల్ అయిపోయాక అమ్మ బైండు చేయించింది, బైండింగాయన అంచులు కత్తిరించినప్పుడు పేజీ అంకెలు కూడా పోయాయి. పెద్దయ్యాక ఆ పుస్తకం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చదివిన కొద్దీ ఆ ఖాళీ నాకు గొప్పగా తోచింది. ఒక పేజీలో తుఫాను, తాళ్లు. పక్క పేజీలో ప్రశాంతంగా ఒడ్డు, చేతిలో టోపీ. మధ్యలో ఏం మాట్లాడుకున్నారో, ఎలా విడిపోయారో ఒక్క ముక్క లేదు. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉండే తెల్లటి సందులో ఒక మనిషిని చడీచప్పుడు లేకుండా దించేసిన కథకుడు ఇంకెక్కడున్నాడు అని స్కూల్లో పిల్లలకు కూడా చెప్పేదాన్ని. వ్యాసంలోనూ అదే రాశాను.

నేను కాలేజీలో చేరిన ఏడాది మొదటి సినిమా తెలుగు డబ్బింగుతో వచ్చింది. క్రాస్ రోడ్స్ దగ్గర హాల్లో మ్యాట్నీకి అమ్మ, తమ్ముడు, నేను వెళ్లాం. సినిమాలో సరంగు చచ్చిపోయాడు. ఆ పిల్ల శవం మీద పడి గుండెలు బాదుకుంది, వెనక వయొలిన్లు. నాకు ఒళ్లు మండింది. ఏడిపించకపోతే సినిమావాళ్లకు పూట గడవదని అక్కడే గొణిగాను. పక్కన తమ్ముడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అమ్మ వాడి భుజం మీద చేయి వేసి తెర వైపే చూస్తోంది, నా వైపు తిరగలేదు. ఇంటికి వస్తూ దారిపొడుగునా వాడిని ఆడిపోసుకున్నాను. "తాత పోయిననాడు కండ్లల్ల చుక్క నీళ్లు రాలే. గీ సినిమా సరంగుకు ఏడుస్తున్నవా?" అన్నాను. అది కల్పించి అన్న మాట కాదు. తాత పోయిన రోజు ఇంటినిండా ఏడుపులుంటే, వీడు గోడకు ఆనుకుని కొయ్యలాగా నిలబడ్డాడు. రాతిగుండె పిల్లగాడు అంది మా మేనత్త. ఆ పేరు చుట్టాల్లో నిలిచిపోయింది, దాన్ని అందరికంటే ఎక్కువ వాడింది నేనే.

రెండో సినిమా నిరుడు వచ్చింది. మేమిద్దరమే వెళ్లాం. అంతా కంప్యూటర్ సముద్రం. పత్రికలో సముద్రం అంటే ఏముంది, నాలుగు గీతలు, మిగతాదంతా చవక కాగితం తెలుపు, దాని వెనక నుంచి అవతలి పేజీ మసకగా కనిపించేది. కావలసిన నీళ్లు మేం పోసుకునేవాళ్లం. సినిమాలో ఒక్కో బొట్టూ మెరిసింది, మాకు పోయడానికి ఏమీ మిగల్లేదు. ఇంకో సంగతి. పత్రికలో ప్రతి వారం ఆఖరి బొమ్మలో ఎవరిదో చెయ్యి తలుపు మీద ఉండేది. ఆ తలుపు తెరుచుకోవడానికి ఏడు రోజులు పట్టేది. ఆ ఏడు రోజులూ కథలో భాగమే. సినిమాలో తలుపు వెంటనే తెరుచుకుంటుంది, లోపల ఉన్నవాడు వెంటనే కత్తి దూస్తాడు. మొదటి సినిమాలో ఓడ అట్టముక్కలా ఊగినా, కనీసం సరంగు కాసేపు ఊరికే కూర్చుని ఎండుచేప తిన్నాడు. రెండోదాంట్లో పాపం ఆయనకు తినే తీరికే ఇవ్వలేదు. ఈ మాటలన్నీ న్యాయమైనవే, ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

కానీ వ్యాసంలో వీటన్నిటికీ పైన పెట్టింది సరంగు చావునే. కథలో లేని చావును రెండు సినిమాలూ తెచ్చి అతికించాయని, అది చదవడం రానివాళ్లు చేసే పని అని రాశాను. అసలు విదేశీ పుస్తకం తెప్పించి చూస్తే తేలిపోయే సంగతి. చూడలేదు. తెలిసినదాన్ని మళ్లీ తెలుసుకోవడం ఎందుకు అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున తమ్ముడు రాంనగర్ నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, సరంగు ముచ్చట జర తక్కువ చెప్పరాదు."

"ఎందుకు?"

"ఏం లే. శాన లంబా అయితదేమో అని."

"నా వ్యాసం, నా ఇష్టం. నీకు సినిమా సరంగే కావాల్నంటే ఇంట్ల కూసొని చూసుకో" అని పెట్టేశాను. అయినా పదకొండు గంటలకు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. నా మీటింగు ఏదీ వాడు మానడు.

లైబ్రరీ చుట్టూ ఎప్పటిలాగే పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, వాళ్ల సంచులు దాటుకుంటూ మా హాల్లోకి వెళ్లాలి. నలభై నిమిషాలు చదివాను. బాగా చదివాను, అబద్ధమెందుకు. సరంగు దగ్గరికి వచ్చేసరికి మా బైండు పుస్తకం ఎత్తి పట్టి, తుఫాను పేజీ, దీవి పేజీ అందరికీ చూపించాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు అశోక్‌నగర్ నుంచి మొదటిసారి వచ్చిన ఒక పెద్దాయన లేచి, చేతిసంచిలోంచి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి తీశారు.

"మీరేమీ అనుకోకపోతే ఒక్క మాటమ్మా. ఇదే సీరియల్‌ని మా ఆవిడ కూడా చింపి కుట్టించింది. మీరు చూపించిన ఆ రెండు పేజీల మధ్య మా పుస్తకంలో ఇంకో మూడు ఆకులున్నాయండి."

ఆయన గొంతులో ఎకసెక్కం లేదు, అందుకే ఇంకా కష్టంగా ఉంది. పుస్తకం తెచ్చి బల్ల మీద మా పుస్తకం పక్కనే తెరిచి పెట్టారు. మొదటి ఆకులో తుఫాను తగ్గింది, సరంగు ఒంటికి కట్టుకున్న తాళ్లు విప్పుతున్నారు, ఇక బతకడని ఒకడు అంటున్నాడు. రెండో ఆకులో ఆయన పడుకుని ఏదో చెబుతున్నాడు. మూడో ఆకులో గుడ్డలో చుట్టిన దేహాన్ని ఓడ పక్క నుంచి నీళ్లలోకి దించుతున్నారు. నాకు చెవులు వేడెక్కాయి, బొమ్మలు సరిగా చూడలేకపోయాను. మా పుస్తకంలో దీవి పేజీ పైనున్న తెల్లకాగితం ముక్కను గోటితో గీరాను. ఎప్పటి మైదా జిగురో, పొడి పొడిగా ఊడి వచ్చింది. "జరిగిన కథ" కింద మొదటి మాటే సరంగు చనిపోయాడని.

తల కొట్టేసినట్టయింది. అయినా చెప్పక తప్పదు కదా. "నేను చెప్పింది తప్పు" అన్నాను. "సినిమాలవాళ్లు ఏమీ కల్పించలేదు. నా పుస్తకంలోనే ఆకులు లేవు. ఈ వ్యాసం అచ్చు వేయకండి." దానిదేముందని ఇద్దరు ముగ్గురు అన్నారు. తీరిగ్గా చూసి ఇవ్వమని పెద్దాయన తన పుస్తకం నా చేతిలో పెట్టారు. అందరూ నన్నే చూస్తుంటే, వెనక వరసలో తమ్ముడు మాత్రం తల దించుకుని తన వేళ్లు చూసుకుంటున్నాడు. వాడి మొహంలో ఆశ్చర్యం లేదు. పొద్దున వాడు ఫోన్ ఎందుకు చేశాడో అప్పుడు అర్థమైంది.

బయటికి వచ్చాక నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి, అక్కడి ఇరానీ హోటల్లో ఒక మూల కూర్చున్నాం.

"నీకు తెల్సు" అన్నాను.

"ఆఁ."

"ఎప్పటిసంది?"

"అప్పటిసందే. ఓనర్లింట్ల ఆడనీకె పోయేటోణ్ణి గదా. శుక్రారమే ఆడ చూసేటోణ్ణి. మూడు వారాలు మూడాకులు చూసిన. చూసొచ్చి అమ్మకు చెప్పిన."

సమ్మె లేదు, ఏమీ లేదు. పత్రిక ప్రతి వారం వచ్చింది. మా వంతు రాగానే అమ్మ దాన్ని దాచేసింది.

"నువ్వు తాతకు చదువుతవ్ గదా," అన్నాడు తమ్ముడు. "సరంగు పోయిండని తాత ముంగట ఎట్ల చదివిపిస్తం అన్నది అమ్మ. ఆమె తల మీద నా చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నది. అక్కకు అసలే చెప్పొద్దు, దాని నోట్ల నువ్వుగింజ నానదు అన్నది."

అది నిజమే. అంత మంటలోనూ నాకు నవ్వొచ్చింది.

"తాత పోయినంకనన్న ఆ ఆకులు కలుపొచ్చు గదా."

"కలుపుదమనే అనుకున్నది. అప్పటికే నువ్వు దీవి ముచ్చట వాడంత చెప్పుకుంట తిరుగుతుంటివి. ఊకున్నది."

"అమ్మ పోయి ఆరేండ్లాయె. నువ్వన్న చెప్పొచ్చు గదరా. పాతిక మంది ముందర నా ఇజ్జత్ పోయేదాక ఆగినవ్."

"చానసార్లు చెప్తమనుకున్న అక్కా. నువ్వు ఆ దీవి గురించి చెప్పేటప్పుడు నీ మొకం చూస్తె మనసొప్పకపోయేది. పోనీలే, అక్క లెక్కల సరంగు బతికే ఉన్నడు గదా అనుకునేటోణ్ణి."

చాయ్ వచ్చింది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు తెలియలేదు. అమ్మ చేసింది తప్పని ఇప్పుడు కూడా అనలేను. ఆమె తాతను కాపాడింది, నన్ను కాపాడింది. మరి వీడిని? ఏడేళ్ల పిల్లవాడు పరాయి ఇంట్లో కూర్చుని సరంగు చావును ఒక్కడే చదువుకున్నాడు. అది పట్టుకుని ఇంటికి వస్తే ఎవరికీ చెప్పొద్దన్నారు.

"చదివి ఏం చేసినవ్?" అని అడిగాను.

"ఏం చేస్త. ముందు అర్థం గాలే, మల్ల చదివిన. ఇంటికొస్తె నువ్వు తాతకు పాత ఆకులు చదువుతున్నవ్. తాత నవ్వుతున్నడు. మిద్దె మీదికి పోయి కూసున్న."

తర్వాత పెద్దాయన పుస్తకం తన ముందుకు లాక్కుని మూడో ఆకు తీశాడు. కళ్లద్దాలు సర్దుకుని నా వైపు తిప్పాడు.

"నువ్వు హాల్ల సరిగ చూడలే. ఈ పిల్లను చూడు. రెండు సినిమాలల్ల ఏడుస్తది గదా. ఈడ ఏడ్వదు. అంతకుముందు ఆకుల సరంగు చెప్తడు దానికి. చుక్కాని కాడ నిలవడ్డోళ్లు ఏడ్వొద్దు, ఓడల ఉన్నోళ్లంత ఆళ్లనే చూస్తరు అని."

చూశాను. ఓడ మీద అందరూ ఏడుస్తున్నారు, పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా. ఆ పిల్ల చుక్కాని పక్కన టోపీ పట్టుకుని నిలబడి ఉంది. ప్రతి బొమ్మలోనూ అలాగే ఉంది, పెదవులు బిగబట్టుకుని.

"తాత పోయిననాడు ఇంట్ల అంత ఏడుస్తుండ్రి," అన్నాడు తమ్ముడు. "నువ్వు కింద పడి ఏడుస్తుంటివి. అమ్మ నన్నే చూస్తున్నది. నేను గుడ ఏడిస్తె అమ్మ ఇంకింత ఏడుస్తదనుకున్న. గందుకే గోడ కాడ నిలవడ్డ. సినిమా హాల్ల అయితె చీకటి, ఎవ్వలు చూడరు." చాయ్ కప్పు పక్కకు జరిపి, "ఆ దినం శాన కష్టమైంది అక్కా" అన్నాడు.

వాడిని రాతిగుండె అన్న నోరు నాది. పెళ్లిళ్లలో అన్నాను, పండగల్లో అన్నాను, వాడి పెళ్లాం ముందు అన్నాను, వాడి పిల్లల ముందు అన్నాను. ప్రతిసారీ వాడు నవ్వి ఊరుకున్నాడు. తప్పయిందిరా అనబోయాను. పట్టపగలు, నిండా జనం ఉన్న హోటల్లో నేను ఏడ్చాను. నన్ను చూసి వాడూ ఏడ్చాడు.